బెజవాడ దారిలో లెక్కల పుస్తకం

2024 జూన్ మూడవ వారంలో, ఒక సోమవారం తెల్లవారుజామున, మా తమ్ముడు, వాని పెద్దమ్మాయి, నేను వినుకొండలో విజయవాడ బస్సు ఎక్కాము. బస్సు డిక్కీలో ఒక ఇనుప ట్రంకు పెట్టె, చుట్టగట్టిన పరుపు, బకెట్టు, మగ్గు, దోమతెర. అమ్మాయి ఒడిలో పుస్తకాల సంచి. నా జేబులో ఒక చిన్న నోటు పుస్తకం.

నేను ముప్పై యేళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. మా యింట్లో పెళ్లయినా, బోరు వేసినా, ఇల్లు కట్టినా ఖర్చు రాసే పని నాదే. అమ్మాయిని నీట్ పరీక్షకు లాంగ్ టర్మ్ కోచింగులో చేర్చాలని నిర్ణయమైన రోజున కూడా తమ్ముడు, "అన్నయ్యా, లెక్క నువ్వు రాయి. నాకు చేతకాదు" అన్నాడు. ఆ పుస్తకం గురించే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మన సంఘాల్లో ఏటా ఎందరో తల్లిదండ్రులు ఇదే బస్సు ఎక్కుతున్నారు గనుక వారికి ఉపయోగపడవచ్చు.

అమ్మాయికి డాక్టరు కావాలన్న కోరిక హోర్డింగులు చూసి పుట్టింది కాదు. 2015లో మా అమ్మకు అర్ధరాత్రి గుండెలో నొప్పి వచ్చింది. ఊళ్లో డాక్టరు లేడు. ఆటోలో నరసరావుపేట తీసుకుపోతుండగా దారిలోనే ఆమె ప్రభువునందు నిద్రించింది. ఆ ఆటోలో నాయనమ్మ కాళ్లు పట్టుకుని కూర్చున్నది ఈ పిల్లే. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. ఆ రాత్రి నుండి మాట మార్చలేదు.

గుంటూరు మీదుగా

బస్సు నరసరావుపేట దాటి గుంటూరు చేరేసరికి ఎండ ఎక్కింది. గుంటూరు పేరు వింటే మిరపకాయల యార్డు ఎంత గుర్తుకు వస్తుందో, మా పాతతరానికి కుగ్లర్ ఆసుపత్రి కూడా అంతే గుర్తుకు వస్తుంది. అమెరికా లూథరన్ సంఘం పంపగా 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు, మగ డాక్టరుకు చెయ్యి చూపించని రోజుల్లో, ఆడవాళ్ల కోసం 1898లో ఇక్కడ ఆసుపత్రి తెరిచారు. 1930లో కన్నుమూసేవరకు ఈ ప్రాంతాన్నే తన ఇల్లు చేసుకున్నారు. గుంటూరు మెడికల్ కాలేజీ వచ్చింది 1946లో. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీ అంతకు ముందే, 1923లో వచ్చింది.

ఇదంతా అమ్మాయికి చెప్తుంటే అది శ్రద్ధగా విని, "అప్పుడు కూడా ఎంట్రన్సు ఉందా పెదనాన్నా?" అని అడిగింది. పక్క సీటులో ఉన్నవాళ్లు కూడా నవ్వారు.

మన రాష్ట్రంలో ఎంసెట్ 1986లో మొదలయింది. దేశమంతటికీ ఒకే పరీక్షగా నీట్‌ను 2013లో మొదటిసారి పెట్టారు. ఆ యేడే సుప్రీం కోర్టు దాన్ని కొట్టివేసి, 2016లో తిరిగి నిలబెట్టింది. 2017 నుండి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎం.బి.బి.ఎస్. సీటుకు నీట్ ఒక్కటే దారి. తెలుగులో కూడా రాయవచ్చు. 180 ప్రశ్నలు, 720 మార్కులు. సరయిన జవాబుకు నాలుగు మార్కులు, తప్పు జవాబుకు ఉన్నవాటిలోనుండి ఒకటి పోతుంది.

కనకదుర్గ వారధి మీదికి బస్సు ఎక్కినప్పుడు కిటికీలోనుండి కృష్ణ కనిపించింది. జూన్ నెల గనుక నీరు పలచగా, ఇసుక మేటలే ఎక్కువగా ఉన్నాయి. తమ్ముడు బయటికి చూడలేదు. చొక్కా లోపలి జేబును మాటిమాటికీ తడుముకుంటున్నాడు. అందులో 75,000 రూపాయలు ఉన్నాయి.

గూడవల్లి రోడ్డు

బస్టాండులో దిగి సామాను ఆటోలో వేసుకుని బెంజి సర్కిల్ మీదుగా బయలుదేరాము. రామవరప్పాడు రింగుకు వెళ్లే దారిలో ఆటో డ్రైవరు చెయ్యి చూపి, "అదే హెల్త్ యూనివర్సిటీ" అన్నాడు. డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం అది. 1986లో పెట్టారు. రాష్ట్రంలో మెడికల్ సీట్ల కౌన్సెలింగు నడిపేది వారే. అక్కడినుండి ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు దాటితే గూడవల్లి. సీటు ఇచ్చే చోటికీ, సీటు కోసం చదివే చోటికీ మధ్య ఆటోలో అరగంట కూడా పట్టలేదు. ఆ అరగంట దూరానికి కొందరు పిల్లలకు రెండేళ్లు, కొందరికి నాలుగేళ్లు పడుతున్నది.

హైవేకు రెండు ప్రక్కలా నాలుగైదు అంతస్తుల భవనాలు. ప్రతి కిటికీకి ఇనుప ఊచలు, ఊచలకు ఆరవేసిన తువాళ్లు. రోడ్డు వెంబడి హోర్డింగులు. వాటి మీద నవ్వుతున్న పిల్లల ముఖాలు, ముఖాల కింద ర్యాంకులు. ఒకే పిల్లవాని ముఖం రెండు వేరువేరు కాలేజీల హోర్డింగుల మీద చూసి నేను ఆశ్చర్యపోతే డ్రైవరు, "మామూలేనండి" అన్నాడు. ఇలాంటి ప్రకటనలను అదుపు చేయడానికి 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నియమాలు తెచ్చింది.

భవనాల మధ్య చిన్న దుకాణాలు. జిరాక్సు, ట్రంకు పెట్టెలు, పరుపులు, తాళాలు, టిఫిను బండ్లు. ఆ రోజు ప్రతి దుకాణం ముందూ మావంటి కుటుంబాలే. పంచె కట్టుకున్న నాన్న, చేతిలో ప్లాస్టిక్ కవరుతో అమ్మ, తల వంచుకుని ఒక పిల్లో పిల్లవాడో. ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు.

ఆఫీసులో ఒక యువకుడు మర్యాదగా కూర్చోబెట్టాడు. "పాపకు ఎన్ని వచ్చాయి అంకుల్?" అన్నాడు. 452 అని చెప్పాము. అతడు కంప్యూటరులో చూసి, మొదట చెప్పిన 1,45,000లో 20,000 తగ్గించాడు. హాస్టలు, భోజనం, 18 శాతం జి.ఎస్.టి. అన్నీ కలిపి 1,25,000. తమ్ముడు ఆ తగ్గింపుకే చేతులు జోడించాడు. రసీదు వెనుక చిన్న అక్షరాల్లో, కట్టిన ఫీజు ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదని ఉంది. నేను కళ్లజోడు పెట్టుకుని చదివాను. అంతకు అయిదు నెలల క్రితమే, 2024 జనవరిలో, కేంద్ర విద్యాశాఖ కోచింగు సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యలో మానివేసిన పిల్లలకు మిగిలిన కాలానికి ఫీజు వాపసు ఇవ్వాలనీ, రోజుకు అయిదు గంటలకు మించి తరగతులు పెట్టకూడదనీ, పదహారేళ్ల లోపు పిల్లలను చేర్చుకోకూడదనీ అందులో ఉంది. నేను ఆ సంగతి ఎత్తాను. ఆ యువకుడు చిరునవ్వుతో, "అవి గైడ్‌లైన్సు అంకుల్. రూల్సు కావు" అన్నాడు. మార్గదర్శకాలను అమలు చేయవలసింది రాష్ట్రాలు. మేము సంతకం చేశాము.

గోడమీద టైంటేబులు ఉంది. ఉదయం అయిదున్నర నుండి రాత్రి పదిన్నర వరకు. ఆదివారం ఉదయం వారాంతపు పరీక్ష. అంటే ఆరాధనకు వెళ్లే వీలు లేదు. నెలకొక ఆదివారం మధ్యాహ్నం తల్లిదండ్రులు చూడవచ్చు. గేటు దగ్గర తమ్ముడు అమ్మాయి తలమీద చెయ్యి పెట్టి రెండు మాటల్లో ప్రార్థన చేశాడు. మూడవ మాటకు గొంతు పెగలలేదు. వార్డెను గేటు వేసింది.

ఎంతమందికి ఎన్ని సీట్లు

తిరుగు ప్రయాణంలో నేను పుస్తకం తీసి లెక్క వేశాను. 2024లో దేశం మొత్తం మీద 23 లక్షల మందికి పైగా నీట్ రాశారు. ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెం పైన. అందులో ప్రభుత్వ కాలేజీల్లోవి సుమారు సగం. అంటే ఒక్కో సీటుకు ఇరవైమందికి పైన. తక్కువ ఫీజు ఉన్న ప్రభుత్వ సీటు ఒక్కటే చూసుకుంటే నలభైమందికి పైన. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ఒకేసారి అయిదు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు. అయినా చాలలేదు.

అంతమందిలో చాలామంది తెలివి తక్కువవారు కారు. సీట్లే తక్కువ. ఈ ముక్క పిల్లలకు మొదట చెప్పవలసింది మనం. కాని మనం చెప్పేది, "కష్టపడితే రానిదేముంది?" అని. రాకపోతే ఆ పిల్ల తాను కష్టపడలేదేమోనని కుమిలిపోతుంది.

ఆ యేడు మరో చిక్కు వచ్చింది. పరీక్షపత్రం బయటికి వచ్చిందని గొడవలయ్యాయి. 67 మందికి 720కి 720 వచ్చాయని ప్రకటించారు. గ్రేస్ మార్కులు కలిపిన 1,563 మందికి వాటిని తీసివేసి జూన్ 23న తిరిగి పరీక్ష పెట్టారు. మొత్తం పరీక్షనే రద్దు చేస్తారా లేదా అన్నది జూలై 23న సుప్రీం కోర్టు రద్దు అవసరం లేదని చెప్పేవరకు తేలలేదు. ఆ నెలరోజులు మా అమ్మాయి హాస్టల్లో ఏ పరీక్షకు చదువుతున్నదో దానికే తెలియదు.

నా పుస్తకం చేసిన పని

నవంబరులో హాస్టలునుండి ఫోను వచ్చింది. జ్వరం తగ్గడం లేదు, వచ్చి తీసుకుపొమ్మన్నారు. తమ్ముడు మిరపతోటకు మందు కొడుతున్నాడు గనుక నేనే వెళ్లాను. పిల్ల గుర్తుపట్టలేనంతగా చిక్కిపోయింది. విజయవాడలోనే ఒక ఆసుపత్రిలో రెండు రాత్రులు ఉంచారు.

రెండవ రాత్రి సెలైను ఎక్కుతుండగా అది పైకప్పు వంక చూస్తూ మాట్లాడింది.

"పెదనాన్నా, ఇక్కడ మార్కుల్నిబట్టి సెక్షన్లు మారుస్తారు. నన్ను మూడుసార్లు కిందికి దించారు. నాన్నకు చెప్పొద్దు."

"సరేనమ్మా."

"మీ నోటు పుస్తకం నేను చూశాను. దసరా సెలవులకు వచ్చినప్పుడు. అమ్మ కమ్మలు బ్యాంకులో పెట్టింది కూడా రాశారు. లక్షకు నెలకు రెండు రూపాయల వడ్డీ అని రాశారు. పరీక్షలో ఒక తప్పు రాస్తే వాళ్లు ఒక మార్కే తీస్తారు. నాకు మాత్రం ప్రతి తప్పుకూ నాన్న మిరపకళ్లం కనిపిస్తుంది."

నాకు నోట మాట రాలేదు. ఒక్క రూపాయి కూడా పొల్లు పోకుండా రాశానని గర్వపడేవాణ్ణి. పండుగనాడు భోజనాల దగ్గర దాని ముందే ఆ మొత్తం చదివి వినిపించాను కూడా. అప్పుడు అది అన్నం సగంలో వదిలి లేచిపోయింది. ఆకలి లేదేమో అనుకున్నాను. పిల్ల పేరున నేను రాసింది ఖర్చు అనుకున్నాను. అది దాన్ని తన అప్పు అనుకుని చదువుకున్నది.

ఈ ఊళ్లలో, ఇట్టి కాలేజీల్లో ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు మనమందరం చదివినవే. సంగతి పరిశీలించడానికి ప్రభుత్వం 2001లో ఒకసారి, 2017లో ఒకసారి కమిటీలు వేసింది. ఆ రాత్రి అవన్నీ గుర్తుకు వచ్చి నాకు చెమటలు పట్టాయి. "చచ్చిపోవాలని అనిపించిందా తల్లీ?" అని నేరుగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని మనం భయపడతాము. పుట్టదు. అది ఏడ్చి, "లేదు పెదనాన్నా, ఇంటికి రావాలని అనిపించింది" అన్నది. పిల్లల మనసు బరువెక్కినప్పుడు ఏ సమయంలోనైనా మాట్లాడడానికి 14416 అని ఉచిత ఫోను నంబరు ఉంది. టెలి మానస్ అంటారు. 2022లో ప్రభుత్వం పెట్టింది. తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును మన పిల్లల పుస్తకాల అట్టమీద రాసిపెట్టండి.

అమ్మాయిని వారం రోజులు ఇంటికి తీసుకువచ్చాము. ఒక సాయంత్రం నేను, తమ్ముడు, మరదలు దాన్ని మధ్యలో కూర్చోబెట్టుకున్నాము. తమ్ముడు ఎక్కువ మాటలు తెలిసినవాడు కాడు. "చూడమ్మా, మందులకూ విత్తనాలకూ పెట్టిన డబ్బు భూమి నాకు బాకీ పడదు. వాన పడితే పండుతుంది, లేకపోతే లేదు. నీకు పెట్టింది కూడా అంతే. నువ్వు నాకు బాకీ లేవు" అన్నాడు.

తర్వాత ఇంకో సంగతి తేల్చుకున్నాము. ఈ పరీక్ష ఎన్నిసార్లయినా రాయవచ్చు. 2022నుండి పై వయసు పరిమితి కూడా లేదు. అది మేలే. కాని ప్రభుత్వం గీత గీయనప్పుడు గీత ఇంట్లోవాళ్లే గీసుకోవాలి. లేకపోతే, "ఇంకొక్క యేడు" అంటూ నాలుగేళ్లు పోతాయి. కనుక 2025 మే పరీక్షే ఆఖరుది, సీటు వచ్చినా రాకపోయినా ఆ తర్వాత వేరే చదువులో చేరాలి అని నలుగురమూ ఒప్పుకున్నాము. విచిత్రమేమిటంటే, ఆ మాట అనుకున్న తర్వాతే పిల్ల ముఖంలో కళ వచ్చింది. తిరిగి వెళ్లి కుదురుగా చదివింది.

గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చుని లెక్క చూసుకోవాలని లూకా సువార్తలో ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు. నేను లెక్క చూసుకోకుండా పోలేదు. రూపాయలు మాత్రమే చూశాను. ఎక్కడ ఆగాలో రాసుకోలేదు.

మొత్తం ఎంత

2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయింది. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు మార్కెట్ జోక్య ధరగా ప్రకటించవలసి వచ్చింది. పంట అమ్మి వడ్డీ అప్పు తీర్చవచ్చన్న తమ్ముడి ఆశ అడుగంటింది.

మే 4న అమ్మాయి పరీక్ష రాసింది. ఆ యేడు పేపరు చాలా కఠినం. జూన్ 14న ఫలితాలు వచ్చాయి. దేశంలో మొదటివానికే 686. మా అమ్మాయికి 431. క్రితం యేటికంటే 21 మార్కులు తక్కువ, ర్యాంకు మాత్రం మెరుగు. ఊళ్లో ఈ సంగతి ఎవరికీ అర్థం కాలేదు. "సంవత్సరం చదివితే మార్కులు తగ్గాయట" అన్నారు. ర్యాంకు మెరుగయినా కన్వీనరు సీటుకు చాలలేదు.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. మా నంబరు వారికి ఎవరిచ్చారో తెలియదు. ప్రైవేటు కాలేజీలో మేనేజిమెంటు సీటు ఇప్పిస్తామని, ఏడాదికి పన్నెండు లక్షలని, ఆలస్యమయితే దొరకదని. తమ్ముడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడవ నాడు పొద్దున గట్టుమీద నిలబడి రెండున్నర ఎకరాల పొలం వంక చూస్తున్నాడు. అమ్మాయి వెళ్లి ప్రక్కన నిలబడి, "నాన్నా, మనం గీత గీసుకున్నాము గదా" అన్నది. అంతే.

ఆ ఒక్క సంవత్సరానికి నా పుస్తకంలో తేలిన మొత్తం ఇది. కోచింగు, హాస్టలు 1,25,000. యూనిఫారం, పుస్తకాలు 9,500. పెట్టె, పరుపు వగైరా 3,850. బట్టలు ఉతికించడం, సబ్బులు, చిల్లర ఖర్చులు పది నెలలకు 10,000. పదకొండుసార్లు మేము వెళ్లి రావడానికి 9,900. ఆసుపత్రికి 6,200. దరఖాస్తు, పరీక్షనాటి ప్రయాణం 3,050. లక్ష అప్పుకు ఏడాది వడ్డీ 24,000. మొత్తం 1,91,500 రూపాయలు. అంతకు ముందు రెండేళ్ల ఇంటర్మీడియటు ఖర్చు ఇందులో చేరలేదు.

పుస్తకంలో రాయడానికి గడి లేనివి కొన్ని ఉన్నాయి. మరదలి చెవులు ఇప్పటికీ బోసిగానే ఉన్నాయి. చిన్నవాడు ఆ యేడు స్కూలు మారవలసింది, మారలేదు. పది నెలల ఆదివారాలు అమ్మాయి సంఘానికి దూరమయింది. వీటిని ఎవరూ దానితో అనలేదు. అనకూడదని కూడా నేర్చుకున్నాము.

అమ్మాయి ఇప్పుడు గుంటూరులో బి.ఎస్సీ. నర్సింగు చదువుతున్నది. మొదటి నెల మౌనంగా ఉండేది. తెల్లకోటు వేసుకున్న వాళ్లను చూసినప్పుడు ఇంకా కొంచెం బాధ ఉంటుందని నాతో చెప్పింది. ఆ బాధ లేదని నేను రాస్తే అబద్ధమవుతుంది. మొన్న ఒక ముసలమ్మకు అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే, డాక్టరు వచ్చేలోగా చేయవలసినవన్నీ తానే చేశానని ఫోనులో చెప్పింది. చెప్తున్నప్పుడు దాని గొంతులో, 2015 తర్వాత నేనెప్పుడూ వినని ధైర్యం వినిపించింది. 2025 ఆగస్టు 15నుండి ఆడవాళ్లకు ఆర్.టి.సి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు గనుక రెండు వారాలకొకసారి ఇంటికి వస్తున్నది. నా పుస్తకంలో ఆ ప్రయాణపు గడి ఖాళీగా ఉంటున్నది.

తల్లిదండ్రులారా, పిల్లలను ఆ దారిలో పంపవద్దని నేను చెప్పడం లేదు. మన ఊళ్లకు డాక్టర్లు కావాలి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వంటి చోట ఫీజు తక్కువ. నీట్ ర్యాంకుతో పాటు సంఘాల సిఫారసు, చదివిన తర్వాత సేవ చేస్తామన్న ఒప్పందం కూడా అక్కడ ఉంటాయి. ముందుగానే మీ సంఘ పెద్దలను అడిగి తెలుసుకోండి. రసీదు వెనుక వైపు చదవండి. ఎన్నిసార్లు రాయాలో, ఎంతవరకు పెట్టగలమో, రాకపోతే ఏం చదవాలో పిల్లతో కలిసి ముందే అనుకోండి. లెక్క తప్పక రాసుకోండి. కాని ఆ పుస్తకం పిల్లకు దొరికేచోట పెట్టకండి.

మా చిన్నవాడు ఇప్పుడు పదవ తరగతి. నిన్న వచ్చి, "పెదనాన్నా, నాకు కూడా పుస్తకంలో పేజీ ఉందా?" అని అడిగాడు. ఉంది అన్నాను. కొత్త పేజీ తీసి వాని పేరు రాశాను. దాని కింద అంకె వేయకముందే తమ్ముణ్ణి, మరదల్ని పిలిచాను. నలుగురం కూర్చున్నాము.